పాత లీవర్ రైఫిల్ లోపల ఏం అరిగిందో చూసుకోవడం ఎలా

1936లో ఒడిశా విడిగా ఏర్పడే దాకా పర్లాకిమిడి, జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. జమీందారీల కాలంలో వేట కోసం కొన్న తుపాకులు ఈ వైపు కొన్ని తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ లైసెన్సు మీద ఉన్నాయి. ఎక్కువగా డబుల్ బారెల్ షాట్‌గన్లే ఉంటాయి కానీ, అక్కడక్కడ ట్రిగ్గర్ చుట్టూ పొడవాటి ఇనుప మీట ఉన్న రైఫిల్ కూడా కనిపిస్తుంది. వించెస్టర్ 1892, వించెస్టర్ 1894, ఎక్కడో ఒకటి మార్లిన్. వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే ఆగిపోయింది. తాత పేరు మీద ఉన్నది తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చి, బీరువాలో ఉండి, ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ అయ్యి, మళ్ళీ ఇంటికి వస్తూ ఉంటుంది.

ఇలాంటి రైఫిల్ చేతికి రాగానే అందరూ చేసే పని ఒకటే. లీవర్ కిందికి దించి పైకి లాగుతారు. చక్కగా ఆడితే "బాగానే ఉంది" అని లోపల పెట్టేస్తారు. ఖాళీగా ఆడటం చూసి లోపలి సంగతి చెప్పలేం. ఒక పిన్ను అరిగితే దాని పని పక్క భాగం మీద పడుతుంది, అక్కడి నుంచి ఇంకో దాని మీద. చివరికి అది తూటా వెనక గోడలా నిలబడాల్సిన బోల్ట్ దగ్గర తేలుతుంది. అందుకే ఈ పరీక్ష లీవర్ దగ్గర మొదలై బోల్ట్ దాకా వరసగా సాగాలి. వరస తప్పితే చివర కనిపించిన తప్పుకు అసలు కారణం దొరకదు.

ముందు చట్టం సంగతి

"వందేళ్ళ నాటిది, యాంటిక్, లైసెన్సు అక్కర్లేదు" అని చాలామంది అనుకుంటారు. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఆ మినహాయింపు ఉన్నది రిపేరు చేసినా చేయకపోయినా పేలని స్థితిలో ఉన్న పాత ఆయుధాలకే. పేలగలిగే 1894 మోడల్‌కి లైసెన్సు ఉండాల్సిందే. లైసెన్సు ఉన్నవారు చనిపోతే, వారసుల పేరు మీద కాగితాలు అయ్యే దాకా తుపాకీ పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో ఉండాలి. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషి పేరు మీద రెండుకు మించి ఉండకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. రిపేరు చేయడం, పేల్చి పరీక్షించడం కూడా లైసెన్సుతో చేయాల్సిన పనులని అదే చట్టం చెబుతుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా చూడటం, తడమటం, రాసుకోవడం వరకే. ఆకురాయి పట్టడం, వెల్డింగ్, లోపలి గాడి పదును చేయడం లాంటివేవీ ఇంట్లో చేసే పనులు కావు.

పర్లాకిమిడి వాళ్ళకు ఒక చిక్కు ఉంది. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మనకు అది పక్క బజారుకు వెళ్ళినట్టే ఉంటుంది. లైసెన్సు మీద చెల్లుబాటు ప్రాంతం ఒడిశా వరకే అని ఉంటే మాత్రం, తుపాకీ భుజాన వేసుకుని ఆ గీత దాటకూడదు. రాయగడ నుంచి పార్వతీపురం, విశాఖ వైపు వెళ్ళేవాళ్ళకూ ఇంతే. తుపాకులు రిపేరు చేసే లైసెన్సున్న మేస్త్రి దగ్గరికి బయల్దేరే ముందు లైసెన్సు పుస్తకం ఒకసారి తిరగేయండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పెద్దగా ఏమీ అక్కర్లేదు. మంచి టార్చ్, చిన్న అద్దం, భూతద్దం, పాత టూత్‌బ్రష్, నూలు గుడ్డలు, కుట్టుమిషన్ నూనె, సెలోటేప్, ఇంట్లో వాడే కాటుక. మీ రైఫిల్ క్యాలిబర్‌కి (తూటా సైజుకి) సరిపోయే, మందు లేని డమ్మీ తూటాలు కనీసం నాలుగు కావాలి. వాటిని డీలర్ దగ్గరే కొనండి. అసలు తూటాలోంచి మందు తీసి డమ్మీ చేద్దాం అనే ఆలోచన వద్దు. చెక్క కడ్డీ గానీ ఇత్తడి కడ్డీ గానీ ఒకటి, బారెల్ కంటే ఓ జానెడు పొడవుగా ఉండాలి. చేపల కొట్టులో ఉండే లాంటి కొక్కెం స్ప్రింగ్ కాటా ఉంటే ట్రిగ్గర్ బరువు కూడా చూడొచ్చు.

స్క్రూడ్రైవర్ విషయంలో జాగ్రత్త. బజారులో దొరికే వాటి కొన కోసుగా సన్నబడుతుంది. పాత వించెస్టర్ స్క్రూ గాడి సన్నగా, రెండు వైపులా నిలువుగా ఉంటుంది. కోసు కొన పెట్టి తిప్పితే గాడి అంచులు చెదిరిపోతాయి. ఆ తుపాకీ అందం సగం అక్కడే పోతుంది. పైగా ఆ స్క్రూల మరలు మన హార్డ్‌వేర్ షాపులో దొరికే మరలతో కలవవు, పాడైతే కొత్తది దొరకడం కష్టం. ఈ పరీక్షకు బట్ కర్రను (భుజానికి ఆనించే వెనక కర్రను) పట్టి ఉంచే ఒక్క స్క్రూ తప్ప మరేదీ విప్పక్కర్లేదు. అది కూడా బిగుసుకుని ఉంటే వదిలేయండి.

ఖాళీగా ఉందని తేల్చుకోవడం

ఇక్కడ నిదానంగా చదవండి. ఈ జాతి రైఫిళ్ళలో తూటాలు బారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. చాంబర్, అంటే పేలే ముందు తూటా కూర్చునే బారెల్ వెనక భాగం, ఖాళీగా కనిపిస్తే సరిపోదు. గొట్టంలో తుప్పు పట్టి, స్ప్రింగ్ బలహీనపడి, ఒక తూటా మధ్యలో ఇరుక్కుని ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవచ్చు. లీవర్ నాలుగుసార్లు ఆడించినా రాదు. ఐదోసారి కాస్త కుదుపు తగిలితే వస్తుంది, నేరుగా చాంబర్‌లోకి.

ముందుగా, ఉన్న గదిలోంచి తూటాలన్నీ బయటికి పంపేయండి. పిల్లల్నీ పంపేయండి. రైఫిల్ మూతి మట్టి గోడ వైపో బయట ఖాళీ నేల వైపో ఉండాలి. వేలు ట్రిగ్గర్ మీద లేకుండా లీవర్ పూర్తిగా దించండి. టార్చ్ వేసి చాంబర్‌లోకి చూడండి, తర్వాత చిటికెన వేలు పెట్టి తడమండి. ఇప్పుడు మ్యాగజైన్, అంటే ఆ గొట్టం, నోటి వైపు చూడండి. తూటాలను వెనక్కి నెట్టే లోహపు ముక్క, ఫాలోయర్, ఆ నోటి దగ్గరికి వచ్చి కనిపించాలి. అది కనిపించకపోతే గొట్టంలో ఏదో ఉంది, లేదా ఫాలోయర్ లోపల ఇరుక్కుంది. రెండిట్లో ఏదైనా సరే, పరీక్ష అక్కడితో ఆపి మేస్త్రికి చెప్పండి. ముందు వైపు మూత విప్పి కడ్డీతో పొడవాలని చూడొద్దు. గొట్టంలో ఒక తూటా కొన ముందున్న తూటా ప్రైమర్‌కి (అడుగున దెబ్బ తగిలితే పేలే చిన్న బిళ్ళకి) ఆనుకుని ఉంటుంది.

ఆ కారణంతోనే ఈ గొట్టంలో మొన తేలిన తూటాలు ఎప్పుడూ వేయకూడదు. చదును ముక్కువో గుండ్రని ముక్కువో మాత్రమే.

మీ చేతిలో ఉన్నది ఏ మోడల్

పరీక్ష కొద్దిగా మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఇది తెలియాలి. లీవర్ దించినప్పుడు రైఫిల్ పొట్ట భాగమంతా ఒక పలకలా కిందికి వాలితే అది 1894. ఆ పలకనే లింక్ అంటారు. పొట్ట అలాగే ఉండి, మూసినప్పుడు బోల్ట్‌కి రెండు పక్కలా నిలువు ఉక్కు ముక్కలు పైకి లేచి కనిపిస్తే 1892. రెండూ జాన్ బ్రౌనింగ్ డిజైన్లే. పైకి కాకుండా కుడి పక్కకు ఖాళీ తూటాను విసిరేది మార్లిన్ అయ్యే అవకాశం ఎక్కువ. రిసీవర్ (ఈ యంత్రమంతా ఉండే లోహపు పెట్టె) నెత్తి మీద జారే రేకు మూత, లోపల ఇత్తడి దిమ్మ ఉంటే 1873 గానీ దాని కుటుంబం గానీ. అది పొగ వచ్చే నల్ల తుపాకిమందు కాలం నాటి యంత్రం, లోపల మడత కీళ్ళ మీద నడుస్తుంది. ఆ కీళ్ళు మూసినప్పుడు తిన్నగా ఒకే వరసలో నిలబడాలి. కిందికి వంగి కనిపిస్తే ఇక దాంతో ఏమీ చేయకుండా గోడకు పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

1894 బారెల్ మీద కొన్నిటికి 'నికెల్ స్టీల్ బారెల్' అని, పొగలేని మందు కోసం ప్రత్యేకం అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. థర్టీ-థర్టీ తూటా 1895లో వచ్చినప్పుడు ఆ కొత్త మందుకు తట్టుకోవాలని వాడిన ఉక్కు అది. బారెల్ మీద ఉన్న క్యాలిబర్, లైసెన్సులో రాసిన క్యాలిబర్ ఒకటేనా అన్నది కూడా ఇప్పుడే చూడండి. పాత గుమాస్తాల రాతలో తేడాలు ఉండటం కొత్తేం కాదు.

లీవర్, లింక్, పిన్నులు

లీవర్ మూసి, కొనను రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకు కదపండి. కాస్త కదలడం సహజం. ఎంత కదిలిందన్న దానికంటే ఎక్కడ కదిలిందన్నది ముఖ్యం. 1894లో లింక్ ముందు చివర ఒక పిన్ను మీద, లీవర్ ఆ లింక్‌కి ఇంకో పిన్ను మీద, లీవర్ పై కొన బోల్ట్‌కి మూడో పిన్ను మీద తిరుగుతాయి. ఒక్కో పిన్ను చివర మీద వేలు ఆనించి లీవర్ కదపండి. అరిగిన చోట పిన్ను వేలి కింద ఊగుతున్నట్టు తెలుస్తుంది. భూతద్దంతో చూస్తే రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగి ఉంటుంది.

రైఫిల్‌ని మామూలుగా పట్టుకుని చిన్నగా కుదపండి. లీవర్ తనంతట తానే కాస్త కిందికి జారితే, 1894లో లింక్ లోపల స్ప్రింగ్ మీద ఉండే చిన్న బొడిపె పనిచేయడం లేదన్నమాట. లీవర్‌ని మూసి పట్టే పని దానిదే. మురికి పేరుకుని ఆగిపోయినా ఇలాగే జారుతుంది కాబట్టి, బ్రష్‌తో శుభ్రం చేసి, ఒక చుక్క నూనె వేసి మళ్ళీ చూడండి. కొబ్బరి నూనె మాత్రం వద్దు. చలికాలంలో గడ్డకట్టి, తర్వాత జిగురై, మంచి స్ప్రింగ్‌ని కూడా పాడైనట్టు చూపిస్తుంది.

పిన్నులు అరగడం వల్ల వచ్చే అసలు నష్టం చేతికి తెలిసే ఊగిసలాట కాదు. లీవర్ పూర్తిగా మూసుకుంటుంది, కానీ దాని కదలికలో కొంత భాగం ఆ సందుల్లోనే ఖర్చైపోయి, బోల్ట్ వెనక లేవాల్సిన తాళం పూర్తి ఎత్తుకు లేవదు.

తాళం పడుతోందా

ఈ మొత్తం పరీక్షలో ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడినంతా ఆపేది లాకింగ్ బోల్ట్, అంటే ఆ తాళం ముక్క. 1894లో అది ఒక్కటే ముక్క, బోల్ట్ వెనక లేచి అడ్డంగా నిలబడుతుంది. 1892లో రెండు, చెరో పక్క.

లీవర్‌ని చాలా నెమ్మదిగా మూస్తూ పై నుంచి చూడండి. చివరి అంగుళం ప్రయాణంలో తాళం ముక్క పైకి లేస్తూనే ఉండాలి. లీవర్ పూర్తిగా ఆగినచోట తాళం ఎక్కడ ఆగిందో చూడండి. ఇన్నేళ్ళుగా లోహం లోహానికి రుద్దుకున్న చోట నున్నగా మెరిసే పట్టీ ఉంటుంది. తాళం ఇప్పుడు ఆ మెరుపు పై అంచు దాకా వస్తోందా, కింద ఆగిపోతోందా? కింద ఆగిందంటే, ఒకప్పుడు పూర్తిగా లేచేది ఇప్పుడు లేవడం లేదని ఆ తుపాకీయే రాసి చూపిస్తోంది.

తర్వాత కాటుక పరీక్ష. హ్యామర్‌ని, అంటే ట్రిగ్గర్ నొక్కగానే వెనక నుంచి కొట్టే సుత్తిని, పూర్తిగా వెనక్కి ఎక్కించి ఉంచండి. చాంబర్ ఖాళీ అని మరోసారి చూడండి. లీవర్ దించితే బోల్ట్ వెనక్కి జారి రిసీవర్ బయటికి వస్తుంది. 1894 అయితే బోల్ట్ వెనక ముఖం మీద, 1892 అయితే రెండు పక్కల గాడుల్లో తాళం ఆనే తలం మీద, కాటుకను పల్చగా, పొర కనిపించీ కనిపించనట్టు రాయండి. లీవర్ ఒకసారి పూర్తిగా మూసి, మళ్ళీ తెరవండి. కాటుక చెరిగిన చోటే తాళం ఆనుతోంది. 1894లో చెరిగిన మేర వెడల్పుగా, రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక మూలే చెరిగితే బరువంతా ఆ మూల మీదే. 1892లో ఒక పక్కే చెరిగి రెండో పక్క నల్లగా అలాగే ఉంటే, రెండు తాళాల్లో ఒకటి అలంకారానికే ఉంది. ఫోటో తీసుకుని కాటుక పూర్తిగా తుడిచేయండి, అందులో ఉండే జిడ్డు, మసి లోపల మిగలకూడదు.

మూడోది కడ్డీ పరీక్ష. లీవర్ మూసి, హ్యామర్ వెనక్కి ఎక్కించే ఉంచండి. హ్యామర్ కింద ఉంటే అదే బోల్ట్‌ని ముందుకు నెట్టి పట్టుకుని అసలు కదలికను దాచేస్తుంది. చెక్క కడ్డీని మూతి నుంచి దూర్చి బోల్ట్ ముఖానికి ఆనించి, వేళ్ళతో వెనక్కి నెట్టండి. మీ ముఖం, చెయ్యి మూతికి ఎదురుగా కాక పక్కన ఉండాలి. ఖాళీ అని తేల్చుకున్నా సరే. ఇంకో చేతి బొటనవేలు బోల్ట్ వెనక పెట్టండి. వెంట్రుక మందం కదలిక తగిలితే కంగారు లేదు. టక్‌మని స్పష్టంగా జరిగితే రాసుకోండి.

హ్యామర్, ట్రిగ్గర్

హ్యామర్‌ని పాత మాటలో గుర్రం అంటారు. ప్రాణాలు తీసేవి ఎక్కువగా ఇక్కడి లోపాలే. మరో సేఫ్టీ లేని ఈ తుపాకుల్లో హ్యామర్‌ని సగంలో ఆపే హాఫ్‌కాక్ గాడి మీదే అందరూ భరోసా పెట్టుకుంటారు. హ్యామర్ పూర్తిగా కిందికి దించి ఉంచితే అది ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని పొడిచే సూది) మీదే ఆని ఉంటుంది. చాంబర్‌లో తూటా ఉండగా వెనక నుంచి హ్యామర్‌కి ఒక దెబ్బ తగిలితే చాలు.

చాంబర్‌లో ఒక డమ్మీ పెట్టండి. వట్టి చాంబర్ మీద హ్యామర్ పడితే పాత ఫైరింగ్ పిన్ విరగొచ్చు. హ్యామర్‌ని సగానికి, మొదటి టిక్ దగ్గర నిలపండి. ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కండి, మామూలుగా పేల్చేటంత బలం, ఇంకాస్త. హ్యామర్ పడకూడదు, జారకూడదు. గుంజి చూడొద్దు, మంచి గాడి అంచు కూడా విరిగిపోతుంది.

1894లో ఒక మెలిక ఉంది. పాత మోడల్‌లో లీవర్‌ని పైకి గట్టిగా పట్టి నొక్కితే గానీ ట్రిగ్గర్ కదలదు, అడ్డంగా ఒక చిన్న ముక్క ఉంటుంది. చాలామంది లీవర్ వదులుగా వదిలేసి హాఫ్‌కాక్ పరీక్ష చేసి "గట్టిగా ఉంది" అంటారు. అప్పుడు ఆగింది ఆ అడ్డు ముక్క వల్ల, గాడి వల్ల కాదు. లీవర్‌ని కర్రకు ఆనించి బిగించి పట్టుకుని పరీక్షించాలి. ఆ తర్వాత విడిగా, హ్యామర్ పూర్తిగా ఎక్కించి, లీవర్ కొద్దిగా వదులు చేసి ట్రిగ్గర్ నొక్కి చూడండి. అప్పుడు పడిపోతే ఆ అడ్డు ముక్క పని అయిపోయింది.

పూర్తిగా ఎక్కించిన హ్యామర్‌ని వెనక నుంచి బొటనవేలితో ముందుకు నెట్టండి, మధ్యస్థ బలంతో, ట్రిగ్గర్ ముట్టుకోకుండా. నిలబడాలి. తర్వాత లీవర్‌ని చురుగ్గా దించి మూయండి, హ్యామర్ ఎక్కే ఉండాలి. బోల్ట్ వెంట అదీ ముందుకు వచ్చేస్తే గాడి గానీ, ఆ గాడిని పట్టే సియర్ కొన గానీ గుండ్రంగా అరిగింది. హ్యామర్ ఎక్కించి ఉండగానే బట్ మడమ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేయండి. ఈ పరీక్షల్లో ఒక్కటి తప్పినా ఆ రైఫిల్‌లో తూటా పెట్టకూడదు. ఇందులో "చూద్దాంలే" అనేదేమీ లేదు.

కొక్కెం కాటాతో ట్రిగ్గర్ బరువు కొలిస్తే ఈ పాత తుపాకులకు సుమారు 2 నుంచి 3 కిలోల మధ్య వస్తే మామూలే. కిలోన్నర లోపు వచ్చి, "మా తాతగారి తుపాకీ ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది" అని మురిసిపోతుంటే, ఎవరో ఎప్పుడో గాడిని రుద్దారనే అనుమానించండి.

బట్ కర్ర స్క్రూ సులువుగా వస్తే విప్పి, కర్రను నేరుగా వెనక్కి లాగండి. ఎడమా కుడీ ఊపితే పాత కర్ర చెవుల దగ్గర చీలుతుంది. లోపల పొడవాటి బద్ద స్ప్రింగ్, దాన్ని బిగించే ఒక చిన్న స్క్రూ కనిపిస్తాయి. స్ప్రింగ్ మీద అడ్డంగా సన్నని గీత ఉంటే అది తుప్పు గీతా, పగులా అన్నది భూతద్దంతో చూడాలి. ఆ చిన్న స్క్రూ వదులైతే హ్యామర్ మెత్తగా కొడుతుంది, తూటా పేలదు. అందరూ ఫైరింగ్ పిన్‌ని తిడతారు, తప్పు చాలాసార్లు ఈ స్క్రూదే.

ఫైరింగ్ పిన్, బోల్ట్ ముఖం

లీవర్ దించి, అద్దం, టార్చ్‌తో బోల్ట్ ముఖం చూడండి. పిన్ను కొన బయటికి పొడుచుకుని ఉండకూడదు. ఉంటే ఒక అగ్గిపుల్లతో నెట్టండి, తేలిగ్గా లోపలికి వెళ్ళిపోవాలి. వెళ్ళకపోతే మురికో తుప్పో పట్టేసింది. అలాంటి దాంట్లో తూటా పెట్టి లీవర్ మూస్తే, ట్రిగ్గర్ ముట్టకుండానే పేలొచ్చు. రంధ్రం చుట్టూ గుంటలు పడి ఉంటే, పాత తూటాల ప్రైమర్లు చిరిగి వేడి గాలి వెనక్కి వచ్చిన గుర్తు.

1894లో హ్యామర్ నేరుగా ఫైరింగ్ పిన్‌ని కొట్టదు. లాకింగ్ బోల్ట్‌లో ఉన్న చిన్న మధ్య ముక్కను కొడుతుంది, అది పిన్‌ని కొడుతుంది. తాళం పూర్తిగా లేవకపోతే ఆ రెండూ ఒకే వరసలో ఉండవు. కాబట్టి ఈ మోడల్‌లో దెబ్బ బలహీనంగా పడుతుంటే కారణం పిన్నులో కాక, ముందు చూసిన లింక్ పిన్నుల్లో ఉండొచ్చు. ఇంట్లో పాత ఖాళీ తూటాలు మిగిలి ఉంటే వాటి ప్రైమర్ మీది గుంట చూడండి. మధ్యలో, గుండ్రంగా, లోతుగా ఉండాలి.

తూటా లోపలికి, బయటికి

మ్యాగజైన్‌లో నాలుగు డమ్మీలు వేసి, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి మామూలు వేగంతో ఆడించండి. నెమ్మదిగా ఆడిస్తే లోపాలు కంటికి కనిపిస్తాయి, వేగంగా ఆడిస్తే అవి దాక్కుంటాయి. కొంతమంది పెద్దలు "గట్టిగా లాగాలిరా, అప్పుడే వస్తుంది" అంటుంటారు. గట్టిగా లాగితేనే వస్తోందంటే ఏదో అరిగిందనే అర్థం.

డమ్మీని చాంబర్‌లోంచి లాగుతున్నప్పుడు మధ్యలో వదిలేస్తే, దాన్ని లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం పెదవి అరిగింది, లేదా దాని కింద మురికి గట్టిపడింది. బయటికి లాగి కూడా విసరకుండా అక్కడే పడేస్తే, దాన్ని విసిరే ముక్క అయిన ఎజెక్టర్ వైపు చూడండి. క్యారియర్, అంటే తూటాను పైకి ఎత్తే పలక, పూర్తిగా పైకి లేచాక తూటా ముక్కు చాంబర్ నోటికి సూటిగా ఉండాలి.

మార్లిన్‌కి ఒక ప్రసిద్ధమైన జబ్బు ఉంది. లీవర్ కొన క్యారియర్‌ని రుద్దీ రుద్దీ అక్కడ గాడి పడుతుంది. క్యారియర్ సమయానికి లేవక, రెండో తూటా దాని కిందికి దూరి, లీవర్ మూసుకోక తెరుచుకోక నిలిచిపోతుంది. డమ్మీలతో ఇలా ఇరుక్కుంటే బలవంతం చేయొద్దు. అలాగే మేస్త్రికి చూపిస్తే అతనికి సగం పని తేలికవుతుంది.

హెడ్‌స్పేస్, బారెల్

ఈ తూటాలకు అడుగున అంచు ఉంటుంది. ఆ అంచు బారెల్ వెనక ముఖానికి, బోల్ట్ ముఖానికి మధ్య పడుతుంది. ఆ సందునే హెడ్‌స్పేస్ అంటారు. అది ఎంత ఎక్కువైతే తూటా అంత వెనక్కి తన్ని సాగుతుంది. దీన్ని సరిగ్గా కొలిచేది గేజ్ మాత్రమే, అది మేస్త్రి దగ్గర ఉంటుంది. ఇంట్లో అనుమానం తీర్చుకోవడానికి డమ్మీ అడుగున గుండ్రంగా కత్తిరించిన సెలోటేప్ ఒక్కో పొర అంటిస్తూ లీవర్ మూసి చూడొచ్చు. రెండు వేళ్ళ బలమే వాడండి. లీవర్ చేతి బలాన్ని పెంచుతుంది కాబట్టి పిడికిలితో మూస్తే టేపే నలిగిపోయి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. నాలుగైదు పొరలు వేశాక కూడా లీవర్ ఏమాత్రం బరువెక్కకపోతే గేజ్ పెట్టించాల్సిందే. డమ్మీ అంచు మందం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, బరువెక్కినంత మాత్రాన బాగుందని తేల్చేయకండి.

పాత ఖాళీ తూటాలు ఇక్కడ కూడా సాక్ష్యం చెబుతాయి. అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే వలయం, లేదా ప్రైమర్ వెనక్కి ఉబికి ఉండటం చూస్తే సందు ఎక్కువైందనే గుర్తు.

బారెల్ సంగతి త్వరగా అయిపోతుంది. వెనక నుంచి టార్చ్ వేసి మూతి నుంచి అద్దంలో చూడండి. పాతకాలం ప్రైమర్లు ఉప్పు లాంటి మసిని వదిలేవి, అది గాలిలో తేమను పీల్చి బారెల్‌ని గుంటలు పెట్టేది. వంశధార, మహేంద్రతనయ పక్క ఊళ్ళలో వానాకాలం తేమ ఎంతో చెప్పక్కర్లేదు. కొన్ని గుంటలు ఉంటే గురి తగ్గుతుందేమో గానీ వెంటనే ప్రమాదం లేదు. లోపల ఉబ్బు లాంటి ముదురు వలయం కనిపిస్తే మాత్రం అది ప్రమాదమే. ఈ తుపాకుల్ని మూతి వైపు నుంచే కడ్డీతో తుడవాల్సి వస్తుంది కాబట్టి మూతి అంచు ఒక పక్కకు అరిగిందా అని కూడా చూడండి.

మేస్త్రికి ఏం చెప్పాలి

"కాస్త చూడండి" అని ఇస్తే కాస్తే చూస్తారు. ఏ పరీక్షలో ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి, కాటుక ఫోటోలతో పాటు ఇవ్వండి. సీరియల్ నంబరు కనిపించే ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

పిన్ను మార్చి, సాగిన రంధ్రాన్ని గుండ్రంగా చేసి కాస్త లావు పిన్ను వేస్తానంటే సరే అనండి, అది పద్ధతైన పని. కొత్త ఫైరింగ్ పిన్, కొత్త స్ప్రింగ్ కూడా సరే. లాకింగ్ బోల్ట్ మీద వెల్డింగ్ పెట్టి అరగదీస్తానంటే వద్దనండి. ఆ ఉక్కుకు ఇచ్చిన గట్టిదనం వేడికి పోతుంది, ఆ తర్వాత అది ఎంత ఒత్తిడి ఆపుతుందో ఎవరూ చెప్పలేరు. హాఫ్‌కాక్ గాడిని రుద్ది కొత్తగా తీస్తానన్నా అంతే, అక్కడ హ్యామర్ మార్చాలి. దొరకకపోతే ఆ రైఫిల్‌ని పేల్చకుండా ఉంచుకోవడం ఒక దారి. పైన మెరుగు పెడతాం, బ్లూయింగ్ (ఉక్కు మీది నీలి నలుపు రంగు) కొత్తగా చేస్తాం అంటే మీ ఇష్టం కానీ, పాత రంగు పోయిన వించెస్టర్‌కి కొనేవాళ్ళు ఇచ్చే ధర బాగా తగ్గుతుంది.

పేల్చి చూడటం కూడా మేస్త్రి పనే, అతని లైసెన్సు కింద, అతని చోట. టైరుకు కట్టి తాడుతో ట్రిగ్గర్ లాగి పొలంలో పరీక్ష చేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

తిరిగి వచ్చాక హ్యామర్ పరీక్షలు, కాటుక పరీక్ష మళ్ళీ చేసి పాత ఫోటో పక్కన పెట్టి పోల్చండి. ఎన్నికల డిపాజిట్ నుంచి వచ్చినప్పుడల్లా ఖాళీ చూడటం, ఫైరింగ్ పిన్ అగ్గిపుల్ల పరీక్ష ఈ రెండూ తప్పనిసరి. నెలల తరబడి స్టేషన్ సామాను గది మాల్‌ఖానాలో నూనె లేకుండా నిలబడి ఉంటుంది కదా. ఇంట్లో తోలు సంచిలోనో గలేబులోనో చుట్టి పెట్టొద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది. నూనె గుడ్డతో తుడిచి, తాళం వేసే బీరువాలో నిలబెట్టండి. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద.